వెన్నుపూసలోని కంతి – నాలుగు ప్రశ్నల చరిత్ర



ఈ సాయంకాలము నేను చెప్పదలచిన చరిత్ర రాజులది కాదు, రాజ్యములది కాదు. మన దేహమునకు నడిమి స్తంభమైన వెన్నెముకది. ఆ ఎముకలో ఒక్కొక్కప్పుడు కంతులు పుట్టుచుండును. వానిలో ప్రాణము తీయని కంతులను మనుష్యుడు ఎట్లు గుర్తింప నేర్చెనో, ఆ వృత్తాంతమును మీకు విన్నవించెదను. నేను వైద్యుడను కాను. గోదావరీతీరమున గురువులకడ కావ్యములను, వ్యాకరణమును చదువుకొని, గోదావరిఖనిలో ముప్పది సంవత్సరములకు పైగా తెలుగు పాఠములు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. ఇట్టివానికి వైద్యచరిత్రతో నేమి పని యని మీరడుగవచ్చును. పని కలదు. నా అజ్ఞానమువలన ఒక బాలుడు కష్టపడెను. ఆ కథతోనే మొదలుపెట్టెదను.

అది 1993వ సంవత్సరము. అప్పటికి నాకు ముప్పదిమూడేండ్లు. ఎనిమిదవ తరగతిలో ఒక బాలుడుండెను. వాని తండ్రి బొగ్గుబాయిలో ఫిల్లరు. అనగా పారతో బొగ్గెత్తి, తట్టతో మోసి, టబ్బులు నింపువాడు. బాలుడు బుద్ధిమంతుడే. కాని బల్లపై నిటారుగా కూర్చుండడు, ఎడమప్రక్కకు ఒరిగియుండును. ఉదయపు తరగతిలో కన్నులు మూతపడుచుండును. "సరిగా కూర్చుండుము" అన్నచో క్షణకాలము సరిగా కూర్చుండి మరల ఒరుగును. నేను దానిని మొదట సోమరితనమనుకొంటిని; పిమ్మట పొగరనుకొంటిని. ఒకనాడు సీతాస్వయంవరము పాఠము చెప్పుచు, "శివధనుస్సును చూచుటకు మిథిలకు పోనక్కరలేదు, మన తరగతిలోనే యున్నది" అని వానిని బల్లమీద నిలువబెట్టితిని. పిల్లలందరును నవ్విరి. ఆనాటినుండి వానికి 'విల్లు' అను పేరు పడెను.

దసరా సెలవులు గడచిన పిదప వాని తల్లి పాఠశాలకు వచ్చినది. ఆమె మాటలు నాకు నేటికిని చెవిలో నున్నవి. "సారూ, వాన్ని కొట్టకుండ్రి. పగలు ఎట్లనో ఓర్చుకుంటడు. రాత్రి అయితే బొక్కల తొల్చినట్టు అయితున్నదని ఏడుస్తడు. దుకాణంల తలనొప్పి గోలి తెచ్చి ఏస్తేనే పండుకుంటడు" అని చెప్పినది. నేను విన్నాను కాని వినలేదు. మా ఊరిలో నడుమునొప్పి లేని ఇల్లు ఏది? బాయిలో పనిచేయు తండ్రికి నొప్పి, నీళ్లబిందెలు మోయు తల్లికి నొప్పి. కొడుకు ఆ మాట నేర్చుకొన్నాడనుకొంటిని. "నూనె రాచి కట్టు కట్టింపుము" అని పంపివేసితిని. కట్టు అంతకుముందే మూడుసార్లు కట్టించిరట.

మరి నాలుగు మాసములకు ఆ తండ్రి బాలుని ఆసుపత్రికి తీసికొనిపోవుచు, డాక్టరుగారితో సరిగా మాటాడుటకు నన్ను తోడు రమ్మనెను. పోయితిని. ఆ డాక్టరుగారు నల్లగొండవైపువారు, నడివయస్సువారు. వారు బాలుని చొక్కా విప్పించి వెన్ను చూచిరి. ఒక్కొక్క పూసను వ్రేలితో నొక్కిరి. ఆ మీదట కుర్చీలో కూర్చుండి తల్లిని నాలుగు ప్రశ్నలడిగిరి. వాగ్భటుడు రోగిని పరీక్షించుటకు మూడు సాధనములు చెప్పియున్నాడు: చూచుట, తాకుట, అడుగుట. ఆ మూడవదానిని నేను పుస్తకమున చదివియుంటిని. ఆనాడు కన్నులార చూచితిని. ఆ నాలుగు ప్రశ్నలలో ఒక్కొక్కదాని వెనుక ఒక్కొక్క చరిత్ర యున్నదని తరువాత చదివి తెలిసికొంటిని. వానిని వరుసగా చెప్పెదను.

అంతకుముందు మన పూర్వులకు తెలిసినదేమో చూతము. సుశ్రుతుడు నిదానస్థానమున అర్బుదమును వర్ణించెను. గుండ్రనిది, కదలనిది, నొప్పి తక్కువైనది, లోతుగా వేరూనినది, మెల్లగా పెరుగునది, చీము పట్టనిది యని దాని లక్షణములు. వాతము, పిత్తము, కఫము, రక్తము, మాంసము, మేదస్సు అను వానినిబట్టి ఆరు విధములుగా విభజించెను. ఎముకపై ఎముక పెరుగుటకు 'అధ్యస్థి' యని వేరొక పేరు కలదు. దానిని అస్థిదోషములలో లెక్కించిరి. చక్కని పేరులు, చక్కని పరిశీలన. కాని ఇవి చేతికి తగులు గడ్డలు, కంటికి కనబడు పెరుగుదలలు. వెన్నుపూస లోపల గింజంత కంతి పుట్టినచో దానిని తాకుట యెట్లు, చూచుట యెట్లు? ఆ కాలమున అది సాధ్యము కాదు. అడుగుట మాత్రము సాధ్యమే.

వెన్నెముక నిర్మాణమును గూర్చి రెండు మాటలు. పసితనమున అందు 33 పూసలుండును: మెడలో 7, ఱొమ్మువెనుక 12, నడుములో 5, క్రింద తరువాత అతుకుకొనిపోవునవి 9. ప్రతిపూసకును ముందు మొద్దువంటి భాగము, వెనుక కమానువంటి భాగము ఉండును. ఈ కమానులన్నియు ఒకదానిక్రింద నొకటి చేరి ఒక సొరంగమగును. మా బాయివారికి ఇది సులభముగా బోధపడును: సొరంగమున దారి ఇరుకు, పైకప్పునుండి ఒక పెళ్ల జారినను రాకపోకలు ఆగును. ఈ సొరంగములో నడచునది వెన్నుపాము. కాలు కదలుట, చర్మమునకు స్పర్శ తెలియుట, మూత్రము వశములో నుండుట, అన్నియు దాని పనియే.

కంతులు రెండు తెగలు. పుట్టినచోటు విడిచి రక్తముద్వారా ఇతర స్థలములకు వ్యాపించి ప్రాణము తీయునవి ఘాతుకములు. వానినే లోకము క్యాన్సరనుచున్నది. పుట్టినచోటనే యుండి, మెల్లగా పెరిగి, లేదా పెరుగక నిలిచి యుండునవి సౌమ్యములు. అయితే చేతియెముకలో సౌమ్యమైన కంతి వెన్నెముకలో అంత సౌమ్యముగా నుండకపోవచ్చును. స్వభావము మంచిదైనను ఉన్న చోటు ఇరుకు. కనుకనే దీనిని గుర్తించుట ముఖ్యమైనది.

ఇక డాక్టరుగారి మొదటి ప్రశ్న: "జ్వరమున్నదా? దగ్గున్నదా? పిల్లవాడు చిక్కిపోయినాడా?"

ఈ ప్రశ్న క్షయను గూర్చినది. లండనులో పెర్సివల్ పాట్ అను శస్త్రవైద్యుడు 1779లో ఒక గ్రంథము ప్రకటించి, వెన్ను వంగి గూనియై కాళ్లు చచ్చుబడు వ్యాధిని వర్ణించెను. అంతకుముందు వెన్ను వంగుటకు దెబ్బయే కారణమని జనులనుకొనిరి. ఎముక లోపల కుళ్లు పట్టుటచేత పూస కూలుచున్నదని ఆయన చూపెను. ఆ కుళ్లునకు కారణమైన క్షయక్రిమిని జర్మనీలో రాబర్ట్ కాక్ 1882లో కనుగొనెను. మన దేశమున వెన్నెముక క్షయ మిక్కిలి కనబడు వ్యాధి. కాబట్టి వెన్నునొప్పితో వచ్చిన ప్రతివానియందును దానిని శంకించుట వైద్యునికి ధర్మము. అయితే ఈ శంకలోనే ఒక ప్రమాదము కలదు. కంతిని క్షయగా భావించి ఏండ్లకొలది మందులిచ్చుటయు, క్షయను కంతిగా భావించి భయపడుటయు రెండును జరుగుచుండును. మా బాలునికి జ్వరము లేదు, దగ్గు లేదు. తల్లి లేదని చెప్పినది.

రెండవ ప్రశ్న విని నేనాశ్చర్యపడితిని. "మీరు ఏ నీరు త్రాగుచున్నారు?"

నడుమునొప్పికిని నీటికిని సంబంధమేమి? ఈ ప్రశ్న మన తెలుగుదేశముననే పుట్టినది. నేటి ప్రకాశం జిల్లాలోని దర్శి ప్రాంతము అప్పుడు నెల్లూరు జిల్లాలో చేరియుండెను. అచ్చటి పల్లెలలో జనులు నడివయస్సునకే నడుము వంచలేక, మెడ త్రిప్పలేక, కొయ్యబారిపోవుచుండిరి. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ అను వైద్యులు ఆ వ్యాధిని పరిశీలించి, బావినీటిలోని ఫ్లోరైడు అను లవణము ఎముకలలో చేరుటవలన వెన్నెముక దట్టమై, కీళ్లబంధములు కూడ ఎముకగా మారుచున్నవని వెల్లడించిరి. 1955లో సిద్దిఖీ అను వైద్యుడు నల్లగొండ జిల్లాలోని ఇదే వ్యాధిని గూర్చి ఇంగ్లండు వైద్యపత్రికలో ప్రకటించెను. ఇది కంతి కాదు. కాని కంతి చేయు హాని యంతయు చేయును. పెరిగిన ఎముక సొరంగమును ఇరుకుచేసి వెన్నుపామును నొక్కును. ఆ నీటిని పటికతోను సున్నముతోను శుభ్రపరచు పద్ధతిని నాగపూరులోని పర్యావరణ పరిశోధనసంస్థవారు రూపొందింపగా, దానికి 'నల్లగొండ పద్ధతి' యనియే పేరు వచ్చినది.

ఈ సందర్భమున మన ప్రాంతమువారు స్మరింపదగిన పేరొకటి కలదు. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రికి డైరెక్టరుగా నుండిన నాడీశస్త్రవైద్యులు డాక్టరు దేమె రాజారెడ్డిగారు ఫ్లోరైడువలన వెన్నుపామునకు కలుగు హానిని గూర్చి విశేషముగా పరిశోధించి వ్రాసిరి. మాకు ఎగువన గోదావరి యొడ్డుననున్న కోటిలింగాలలో దొరకిన ప్రాచీన నాణెములను పరిశీలించి గ్రంథము వ్రాసినవారును వారే. మరుగుపడినదానిని వెలికిదీయుట రెండు పనులలోను సమానమే గదా.

మా బాలుని తల్లి, "కంపెనీ నల్లా నీళ్లే, గోదావరివి" అని చెప్పినది. డాక్టరుగారు తల యూపిరి.

మూడవ ప్రశ్న: "నడచునపుడు కాళ్లు తడబడుచున్నవా? మూత్రము తెలియకుండ పోవుచున్నదా?"

ఇది వెన్నుపాము నలుగుచున్నదా యని తెలిసికొను ప్రశ్న. దీని వెనుక 1887వ సంవత్సరపు కథ కలదు. లండనులో ఒక సైనికాధికారికి వీపున ఎడమ రెక్కయెముకక్రింద తీవ్రమైన నొప్పి పుట్టినది. సుమారు మూడేండ్లు ఎందరో వైద్యులు చూచిరి, నరముల నొప్పి యనిరి, గాలిమార్పు మంచిదనిరి. నొప్పి తగ్గలేదు. తుదకు కాళ్లు రెండును చచ్చుబడెను, మూత్రము వశము తప్పెను. అప్పుడు విలియం గవర్స్ అను వైద్యుడు రోగి చెప్పినదంతయు వరుసగా విని, స్పర్శ ఎచ్చటివరకు తప్పినదో పరీక్షించి, వెన్నుపామును ఏదో కంతి నొక్కుచున్నదని, అది ఫలానిచోట నుండునని నిర్ణయించెను. విక్టర్ హార్స్లీ యను శస్త్రవైద్యుడు జూన్ 9వ తేదీన వెన్ను తెరచెను. మొదట కంతి కనబడలేదు. మరికొంత పైకి ఎముక తీయగా, బాదంగింజవంటి సౌమ్యమైన కంతి కనబడినది. అది ఎముకలో పుట్టినది కాదు, వెన్నుపాము పొరనుండి పుట్టినది. దానిని తీసివేయగా ఆ రోగి సంవత్సరము తిరుగులోపల నడచి తన పనులు తాను చేసికొనెను. వెన్నులోని కంతిని ముందుగా గుర్తించి తీసి రోగిని బాగుచేయుటలో అదియే తొలి విజయమని చరిత్రకారులు చెప్పుదురు. ఆనాటికి ఎక్స్‌రే యింకను పుట్టలేదని గుర్తుంచుకొనుడు. వారు చూడలేదు, తాకలేదు, అడిగి తెలిసికొనిరి.

మా బాలుని కాళ్లకు బలము తగ్గలేదు. అది వాని అదృష్టము.

నాలుగవ ప్రశ్న: "నొప్పి ఏ వేళ హెచ్చును? దేనితో తగ్గును?"

తల్లి నాకు చెప్పిన మాటలనే మరల చెప్పినది. రాత్రివేళ హెచ్చును, తలనొప్పి మాత్రతో తగ్గును. డాక్టరుగారు వ్రాయుచున్న కలము నిలిపి, "ఎన్ని మాసములనుండి?" అని అడిగిరి. "ఏడాదిన్నర దాటింది" అని ఆమె చెప్పినది. వారు నావైపు చూచి, "పంతులుగారూ, బరువు మోసిన నడుము పండుకొన్నచో సుఖపడును. పండుకొన్నప్పుడు హెచ్చు నొప్పి వేరు" అనిరి.

ఈ ప్రశ్న చరిత్ర వినుడు. 1930లో స్వీడనువాడైన బెర్గ్‌స్ట్రాండ్ ఎముకలో చిన్న కంతివంటి దానిని వర్ణించెను. కాని చాలమంది దానిని ఎముకలోని చీముగనో, వాపుగనో భావించుచుండిరి. న్యూయార్కు నగరమున హెన్రీ జాఫ్ అను వైద్యుడు 1935లో అయిదుగురు రోగుల వృత్తాంతములను ప్రకటించి, ఇది చీము కాదు, క్రిమివలన పుట్టినది కాదు, ఎముకను కట్టు కణములే అదుపుతప్పి పెరిగిన ఒక ప్రత్యేకమైన సౌమ్య కంతి యని నిరూపించెను. దానికి 'ఆస్టియాయిడ్ ఆస్టియోమా' యని పేరు. ఇది పది మొదలు ఇరువదియైదేండ్లలోపు వయస్సున హెచ్చు. ఆడపిల్లలకంటె మగపిల్లలకు హెచ్చు. పరిమాణము సాధారణముగా ఒకటిన్నర సెంటీమీటరులోపు. పదింట ఒకటి వెన్నెముకలో పుట్టును; అందును పూస వెనుకనున్న కమానులో. దీని జాతిదే యైనను ఇంతకంటె పెద్దదిగా పెరుగు కంతికి 'ఆస్టియోబ్లాస్టోమా' యని పేరు. 1956లో జాఫ్, లిచ్టెన్‌స్టెయిన్ అను వారిరువురు వేరువేరుగా దానిని స్థిరపరచిరి. అది వెన్నెముకలో మరింత తరచుగా పుట్టును. వెన్నుపామును నొక్కు శక్తియు దానికే హెచ్చు.

చిన్నకంతియొక్క నొప్పి రాత్రి హెచ్చుననియు, ఆస్పిరిన్ మాత్రతో చిత్రముగా తగ్గుననియు వైద్యులు గమనించిరి. ఎందుకో చాలకాలము తెలియలేదు. 1971లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు జాన్ వేన్, ప్రోస్టాగ్లాండిన్ అను నొప్పి పుట్టించు పదార్థము దేహములో తయారుకాకుండ ఆస్పిరిన్ అడ్డగించునని కనుగొనెను. 1982లో నోబెల్ బహుమానమున భాగస్వామి యయ్యెను. ఈ కంతి ఆ పదార్థమునే మిక్కుటముగా స్రవించునని తరువాత తేలినది. కిరాణాదుకాణపు మాత్రకు నిద్రపోవుచున్నాడని ఆ తల్లి చెప్పిన మాట రోగమునకు ముద్రవంటి లక్షణము. అక్షరము రాని ఆమెకు అది కనబడినది. అక్షరములు నేర్పు నాకు కనబడలేదు.

బాలుడు ఒరుగుటకు కారణము కూడ అప్పుడే తెలిసినది. కంతియున్న ప్రక్క కండరములు నొప్పికి బిగిసి పట్టుకొనుటచేత వెన్ను ఆ ప్రక్కకు వంగును. వాడు కావలెనని ఒరుగలేదు. నిటారుగా కూర్చుండుమని నేను శాసించినప్పుడెల్ల నొప్పిని హెచ్చించుకొమ్మని శాసించుచుంటినన్నమాట.

ఇక చూచుట యను సాధనము. 1895వ సంవత్సరము నవంబరు 8వ తేదీన జర్మనీలో రాంట్జన్ ఎక్స్‌కిరణములను కనుగొనెను. అప్పటినుండి బ్రదికియున్న మనుష్యుని ఎముకను చూచుట సాధ్యమైనది. కాని ఆ బొమ్మ నీడవంటిది. పూస వెనుకభాగము ఒకదానిపై నొకటి పడిన నీడలలో మరుగుపడును. మా బాలుని ఎక్స్‌రేలో వంపు తప్ప మరేమియు తెలియలేదు. అందుచే హైదరాబాదునకు పంపిరి. అచ్చట సి.టి. స్కాను తీసిరి. ఈ యంత్రమును నిర్మించినవాడు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్. మన తాతలు పాటలు విన్న గ్రామఫోను రికార్డులను చేసిన ఈ.ఎం.ఐ. సంస్థలోనే ఆయన పనిచేసెను. 1971 అక్టోబరు 1వ తేదీన లండనులో తొలి రోగికి దానితో మెదడు బొమ్మ తీసిరి. రొట్టెను ముక్కలుగా కోసి చూచినట్లు, దేహమును కోయకయే పొరపొరగా చూపు యంత్రమిది. అందులో మా బాలుని నడుముపూస ఎడమకమానులో శనగగింజంత కంతి స్పష్టముగా కనబడినది.

శస్త్రచికిత్స చేసి దానిని తీసిరి. ఆ రాత్రి కోత నొప్పి యున్నను పాతనొప్పి లేదని బాలుడు తల్లితో చెప్పెనట. వాడు మాత్ర లేక నిద్రపోయిన రాత్రులు అటుపిమ్మట వచ్చినవి.

కాని కథ అంతటితో ముగియలేదు. 1986లో ప్రకటితమైన ఒక పరిశీలనలో ఇట్టి కంతుల రోగులను చూచిన వైద్యులు ఒక సంగతి కనుగొనిరి. నొప్పి మొదలైన సుమారు 15 మాసములలోపల కంతిని తీసినచో వెన్నువంపు తనంత తానే సరియగుట హెచ్చనియు, ఆలస్యమైనచో వంపు మిగిలిపోవుననియు దాని సారాంశము. మా బాలునికి ఏడాదిన్నర దాటినది. వాని వంపు చాలవరకు తగ్గినది, కొంత మిగిలినది. ఆ ఆలస్యములో నా పాలు నాలుగు మాసములు. తల్లి వచ్చి చెప్పిననాడే ఆసుపత్రికి తీసికొనిపొమ్మని నేను చెప్పియుండినచో ఏమగునో నేనెరుగను. ఆ నాలుగు మాసములు మాత్రము నా లెక్కలోనివి.

నేడు ఇట్టి కంతికి కత్తి కూడ అక్కరలేని ఉపాయము కలదు. బోస్టను నగరమున రోసెంతాల్ మొదలగు వైద్యులు సన్నని సూదిని కంతిలోనికి పంపి, విద్యుత్తరంగముల వేడిమితో దానిని కాల్చు పద్ధతిని 1992లో ప్రకటించిరి. వెన్నెముకలో వెన్నుపామునకు మిక్కిలి దగ్గరనున్న కంతులకు అది తగదు, తక్కినవానికి మేలైనది. కొన్ని చిన్నకంతులు ఏండ్లు గడచిన పిదప వానంతటవే చల్లారుటయు కలదు. ఏది కాల్పవలెనో, ఏది కోయవలెనో, దేనికై వేచియుండవలెనో వైద్యుడు నిర్ణయింపవలెను.

ఇప్పుడు పెద్దవారికి ఉపకరించు మాట యొకటి. ఇటీవల నడుమునొప్పి యని పోయిన ప్రతివారికిని ఎం.ఆర్.ఐ. తీయుచున్నారు. ఆ కాగితములో 'హెమాంజియోమా' యను మాట చూచి, గని ఉద్యోగమునుండి విశ్రాంతి గొన్న నా మిత్రుడొకడు వీలునామా వ్రాయ సిద్ధపడెను. ఆ మాటకు రక్తనాళముల ముద్ద యని యర్థము. వెన్నుపూసలో దానిని 1867లో జర్మను పండితుడు విర్చో వర్ణించెను. డ్రెస్డెనులో ష్మోర్ల్ అను వైద్యుడు మూడువేల ఎనిమిదివందలకు పైగా మృతుల వెన్నెముకలను పరీక్షించి, నూటికి పదిమందికి పైగా ఇది యున్నట్లు కనుగొనెను. వారిలో చాలమంది దానిని మోసికొనుచునే, దాని పేరైనను వినకయే, ముసలితనముదాక బ్రదికిరి. ఎన్నడో ఒకరికి మాత్రమే అది పెరిగి పూసను బలహీనము చేయును. అట్టివారికై 1984లో ఫ్రాన్సులోని అమియెన్‌లో గాలిబెర్, డెరామాండ్ అను వైద్యులు సూదితో పూసలోనికి సిమెంటువంటి పదార్థమును పంపి గట్టిపరచిరి. కావున కాగితములో పేరు కనబడుటయే రోగము కాదు. మీకు నొప్పి ఎచ్చట, ఏ వేళ, కాళ్ల బలమెట్లున్నది అను ప్రశ్నలకు జవాబులతో చేర్చి చూచినప్పుడే ఆ పేరునకు అర్థము తెలియును. నా మిత్రుడు ఆ కాగితమును మడిచి పెట్టెలో పెట్టుకొని నేటికిని ఉదయమున గోదావరి గట్టుమీద నడచుచున్నాడు.

ఇక ఈ చరిత్రకు మొదలెక్కడ? నేను 1779 అనుకొంటిని, 1887 అనుకొంటిని. 2016లో పత్రికలో వచ్చిన ఒక వార్త నా లెక్కలన్నియు తారుమారు చేసినది. దక్షిణాఫ్రికాలో జోహాన్నెస్‌బర్గునకు సమీపమున మలాపా యను చోటు కలదు. వెనుకటికాలమున సున్నపురాతికై గనివారు అచ్చట తవ్వి, మందు పేల్చి, కొన్ని బండలు విసరిపోయిరి. 2008 ఆగస్టు 15వ తేదీన లీ బెర్గర్ అను శాస్త్రజ్ఞుని కుమారుడు, తొమ్మిదేండ్ల బాలుడు, అట్టి రాతిముక్కలో ఒక ఎముకను చూచెను. అది మన మానవవంశమునకు చెందిన ప్రాచీనమైన ప్రాణిది. సుమారు 19 లక్షల 80 వేల సంవత్సరములనాటిది. దొరకిన అస్థిపంజరము ఒక బాలునిది. మన లెక్కలో పండ్రెండు, పదుమూడేండ్ల ప్రాయము. 2016లో శాస్త్రజ్ఞులు అతని ఱొమ్మువెనుక ఆరవపూసను శక్తిమంతమైన ఎక్స్‌కిరణములతో పరీక్షించి, కుడికమానులో ఒక చిన్నకంతిని కనుగొనిరి. అది సౌమ్యమైన ఎముకకంతి యనియు, ఆస్టియాయిడ్ ఆస్టియోమా కావచ్చుననియు ప్రకటించిరి. మానవవంశమున అంతకంటె ప్రాచీనమైన కంతి అప్పటికి దొరకియుండలేదు.

ఆ వార్తను చదివి నేను చాలసేపు ఊరకుంటిని. పొగాకు లేదు, బొగ్గుధూళి లేదు, తట్ట లేదు, టబ్బు లేదు. అయినను ఒక బాలుని వెన్నులో అదే కంతి. మనము చేసిన పాపముగాని, మోసిన బరువుగాని దానికి కారణము కాదు. ఎముక ఉన్నంతకాలముగా అదియు ఉన్నది. ఆ వార్త పట్టుకొని నా శిష్యుని ఇంటికి పోయితిని. వాడిప్పుడు ఉపరితల గనిలో పెద్దబండి నడుపుచు, ఇద్దరు పిల్లల తండ్రియై యున్నాడు. చదివి వినిపించితిని. వాడు నవ్వి, "అంటే నాకంటె ముందు ఇంకో విల్లు ఉన్నడన్నట్టు, సారూ" అనెను. ఆ పేరును వాడు మరువలేదు. నేను వాని చేతులు పట్టుకొని క్షమించుమంటిని. "పోనీయుండ్రి సారూ, మీరు ఆస్పత్రికి తోడు వచ్చిండ్రు గద" అనెను. అది వాని మంచితనము.

పెద్దలారా, నేను చెప్పదలచినది ఇంతియే. బాయిలో, పొలములో పనిచేసిన నడుము నొచ్చుట నిజము. దానిని తక్కువచేసి చెప్పుట లేదు. అది విశ్రాంతితో తగ్గును. రాత్రి నిద్ర చెరుపు వెన్నునొప్పి, నొప్పితోకూడ ఒకప్రక్కకు ఒరుగు పిల్లవాని వెన్ను, వారములు గడచినను విడువని నొప్పి, నొప్పితోకూడ జ్వరము, చిక్కిపోవుట, ఇవి వైద్యునికి చూపవలసినవి. కాళ్లు తడబడినను, మూత్రము వశము తప్పినను ఆ దినముననే పోవలెను, మరునాటికి ఆగరాదు. మాత్రతో తగ్గినదని ఊరకుండరాదు; మాత్ర నొప్పిని మాన్పును గాని కంతిని మాన్పదు. జ్వరముతోనున్న పిల్లలకు ఆస్పిరిన్ అపాయకరము గూడ. మునుపటివలె ప్రతిదానికిని దూరము పోవలసిన పనియు లేదు. 2022నుండి రామగుండముననే వైద్యకళాశాల యున్నది.

అన్నింటికంటె ముందు మీ ఇంటిలోని బాలుడో, కోడలో, ముసలితల్లియో నొప్పి యన్నప్పుడు, "అందరికీ ఉన్నదే" యని అనకుడు. ఎచ్చట, ఏ వేళ, ఎన్నాళ్లనుండి, దేనితో తగ్గును అని అడుగుడు. ఆ నాలుగు మాటలడుగుటకు యంత్రము అక్కరలేదు, శాస్త్రము చదువనక్కరలేదు. జవాబు పూర్తియగువరకు వినుట మాత్రము కావలెను.